విడిదింటి గాజు గది

రైల్వే స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది గాని, ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు అది మానుకోటే. ఆ మానుకోటలో జగపతి సావుకారి కిరాణా దుకాణం ఎక్కడని అడిగితే మిర్చి మార్కెట్ దారిలో ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. దుకాణం మీది మేడ ఎవరిదని అడిగితే మాత్రం కాస్త ఆలోచించి చెప్పాలి. ఇంటి పన్ను రసీదు జగపతి పేరున వస్తుంది. ఆ మేడను ఊడ్చి, తుడిచి, పరుపులు దులిపి, వచ్చినవాళ్ల చేత బాగుందనిపించుకునే బాధ్యత మాత్రం ఆయన భార్య లీలావతిది.

పెళ్లయి వచ్చిన నాటి నుంచి లీలావతి ఆ దుకాణానికి తెర వెనకాల మనిషి. చాయ్ అందించడం, యాలకులు పొట్లాలు కట్టడం, "లోపల శనగపప్పు ఉన్నదా?" అని భర్త కేకేస్తే ఉందనో లేదనో చెప్పడం, అంతే ఆమె పని. మేడ మీద అద్దెకున్న బ్యాంకు ఉద్యోగి బదిలీ అయి వెళ్లిపోయిన రోజుల్లోనే ఎదురుగా ఫంక్షన్ హాలు లేచింది. పెళ్లికి వచ్చే మగపెళ్లివారికి విడిది కావాలి గదా, మన మేడ ఇస్తే ఏమవుతుందన్న ఆలోచన లీలావతికి పప్పుకు పోపు వేస్తుండగా వచ్చింది. ఆ సంగతి భర్తకు చెప్పింది గాని, చెయ్యమంటారా అని అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు. హాలు మేనేజర్ మధుకర్‌తో తానే మాట్లాడుకుని, తానే పరదాలు కుట్టించి, తానే మంచాలు వేయించింది. యాభై దాటాక తనదంటూ ఒక పని చేతికి వస్తే మనిషి ఎంత మారిపోతుందో ఆమెను చూసి తెలుసుకోవచ్చు. మెట్లెక్కేటప్పుడు ఆమె మోకాళ్లు నొప్పి పెట్టడం కూడా మానేశాయి.

అంతా బాగానే ఉంది, ఒక్క గాజు గది తప్ప. హన్మకొండలో చెల్లెలి ఇంట్లో చూసి వచ్చి, స్నానాల గదిలో ఒక మూల నిలువెత్తు అద్దాలు కట్టించి, పైన జల్లెడంత వెడల్పు షవర్ పెట్టించింది. కొత్తలో ఆ అద్దం ఉందో లేదో తెలియక చిలుకమ్మ నుదురు బొప్పి కట్టించుకుంది. చిలుకమ్మ అంటే విడిది పనుల్లో లీలావతికి తోడుండే మనిషి. వయసులో పెద్దది, నోట్లో తంబాకు ఉన్నంతసేపే నెమ్మదిగా ఉంటుంది. కొన్నాళ్లయ్యాక చిలుకమ్మకు ఆ బాధ తప్పింది. అద్దం తెల్లబడిపోయి దూరం నుంచే కనిపించసాగింది.

అక్కడి బోరు నీళ్ల సంగతి అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. రుద్దుకున్న సబ్బు ఆ ఉప్పునీళ్లకు విరిగిపోయి, జిడ్డుగా మారి, పడ్డచోటల్లా అతుక్కుంటుంది. మర్నాడు దాని మీద ఇంకో పొర. గోరుతో గీకితే గోరు నిండుతుంది గాని అద్దం బయటపడదు. పైగా పెళ్లివాళ్ల స్నానాలు మామూలు స్నానాలా? నలుగు పిండి, నువ్వుల నూనె, పసుపు, ఆపైన సబ్బు. షవర్ కన్నాలు కూడా సగం మూసుకుపోయి, నీళ్లు కిందికి రావడం మాని పక్కలకు కొట్టేవి. మొన్నటి పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామ షవర్ తిప్పితే నీళ్లు నెత్తిన పడకుండా నేరుగా చెవిలో పడ్డాయి. ఆయన సగం తడిసిన మనిషి హాలుకు వెళ్లి, "అద్దాలకు గూడ సున్నమేస్తరా మీ ఊర్ల?" అని అందరి ముందూ అడిగాడు.

ఆ మర్నాడు మధుకర్ వచ్చి దుకాణం గుమ్మంలోనే నిలబడ్డాడు. "లీలక్క, ఏమనుకోకు. ఇగ వచ్చేది జనగామోళ్ల పెళ్లి. వాళ్లు గూడ బాగలేదంటె నేను విడిది వేరేకాడ చూసుకోవాలె" అన్నాడు.

త్రాసు ముందు కూర్చున్న జగపతికి ఆ మాట పంచదార పలుకైంది. "మంచిగైంది. మిర్చి బస్తాలకు షవరక్కర్లే, నలుగక్కర్లే. పోశాలు ఎన్నడి సంది అడుగుతున్నడు, మేడ గోదాముకు ఇయ్యమని. ఈ పెళ్లి గూడ గిట్లనే అయితె మేడ మిర్చికే పోతది, చెప్తున్న" అన్నాడు. జగపతి చెడ్డవాడు కాదు. సరుకు లేని గది చూస్తే ఆయనకు నిద్ర పట్టదు, అదొక్కటే లోపం.

లీలావతి సరేనంది. పైకి వెళ్లి మంచం అంచున కూర్చుని తన పరదాల వంక చూసుకుంది. ఇక్కడ మిర్చి బస్తాలు పడితే, తుమ్ముకుంటూ కిందికి దిగి మళ్లీ ఆ తెర వెనకాలే నిలబడాలి. ఆ ఊహకే ఆమెకు భయం వేసింది. మిర్చి ఘాటుకు కాదు, తెరకు.

జనగామ పెళ్లివారి బస్సు మధ్యాహ్నానికి వస్తుందని కబురు. ఆ రోజు పొద్దున్నే లీలావతి కొంగు బిగించి, చిలుకమ్మను వెంటబెట్టుకుని గాజు గదిలోకి దిగింది. సర్ఫు నీళ్లు కొట్టారు, కొబ్బరి పీచుతో రుద్దారు, బూడిద పట్టించి చూశారు. చిలుకమ్మ భుజాలు పడిపోయాయి గాని పొర పొరలాగే ఉంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ తెల్లపొర ముందు మొండివాడు కూడా దిగదుడుపే.

"లీలమ్మ, గిది సబ్బు గాదు, సిమెంటు. దీన్ని గీకుడు కంటె కొత్త అద్దం పెట్టిచ్చుడు నయం" అంది చిలుకమ్మ పీచు కింద పడేసి.

"అద్దం పెట్టియ్యమంటె ఆయన మిర్చి పెట్టిస్తనంటున్నడు. రుద్దు."

"పోనీ యాసిడ్ తేవాల్నా?"

"ఆ మాటెత్తకు" అంది లీలావతి. ఒకసారి యాసిడ్ పోసిన పాపానికి ఇద్దరూ దగ్గి దగ్గి చచ్చారు. స్నానాల గది గుమ్మం ముందు పరిచిన షాబాద్ బండ పొంగి, గుంటలు పడింది. అప్పటి నుంచి ఆ గడప దగ్గరికి పుల్లటిది ఏదీ రానివ్వనని ఆమె ఒట్టు పెట్టుకుంది. చింతపండు చెయ్యి కూడా అక్కడ కడగనివ్వదు.

ఇక మిగిలింది సోడా. దుకాణంలో నూనె డబ్బాల జిడ్డు వదలాలంటే లీలావతి మరిగే నీళ్లలో బట్టల సోడా వేసి పోస్తుంది. ఎంతటి జిడ్డుకైనా సోడా మొగుడన్నది ఆమె నమ్మకం. డబ్బాలకు పనికొచ్చింది అద్దాలకు పనికిరాదా అనుకుని, బకీటు నిండా కలిపి, పైనుంచి కిందిదాకా ఒక్క ఊపున చల్లింది.

తెల్లపొర కదల్లేదు. కానీ దాని మీద అతుక్కుని ఉన్న మొన్నటి నలుగు పసుపు ఉన్నట్టుండి రంగు తిరిగింది. పచ్చగా ఉన్నదల్లా ఎర్రబడింది. అద్దాల మీద ఎర్రటి చారలు, టైళ్ల సందుల్లో ఎర్రటి గీతలు, కింద ఎర్రటి మడుగు. నలుగు పిండితో నీళ్లు పోయే జాలీ మూసుకుపోయి ఉంది గనక ఆ నీళ్లు లోపలికి పోలేదు. తలుపు కింద నుంచి బయటికి పారి, షాబాద్ బండ దాటి, మెట్ల వైపు బయలుదేరాయి.

చిలుకమ్మ గోడకు ఆనుకుని నిలబడి, "గిప్పుడెవ్వలన్న చూస్తె నిన్ను, నన్ను ఠాణాకు తోల్కపోతరు" అంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో లీలావతికి ఆ క్షణాన తెలిసింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది.

వస్తున్నది భాగ్యలక్ష్మి. పెళ్లికొడుకుకు పెద్దమ్మ. బస్సు కోసం ఆగకుండా పొద్దుటి రైలుకే జనగామ నుంచి వచ్చేసింది. విడిది ముందుగా చూసి, వంకలు ఉంటే ఏరి పెట్టడం ఆ ఇంట్లో ఆమెకు అప్పజెప్పిన పని. కోడిగుడ్డు మీద ఈకలు పీకగల మనిషి అని ఆడపెళ్లివారు అప్పటికే మధుకర్‌ను హెచ్చరించారు. వెనకే జగపతి ఆమె సంచీ మోస్తూ, గాలి బాగా వస్తుందనీ, పరుపులు కొత్తవనీ చెప్పుకుంటూ ఎక్కుతున్నాడు. గిరాకీ ముందు నిలబడితే ఆయన నోరు దానంతటదే సరుకును మెచ్చుకుంటుంది.

మలుపు తిరగగానే ఆయనకు మెట్టు మీది నుంచి జారుతున్న ఎర్రటి ధార కనిపించింది. సంచీ చేతిలోంచి జారింది. ఆయన ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాడు. నిలువెత్తు అద్దం, తడి నేల, లోపల భార్య. జారి అద్దం మీద పడిందేమో. "లీలా" అని పిలిచాడు.

లీలావతి తలుపులోంచి తొంగి చూసింది. "ఏమైంది, గట్ల కూసున్నరు?"

జగపతి ఆమెను పైనుంచి కింది వరకు చూసుకున్నాడు. ప్రాణం లేచి వచ్చింది. ప్రాణంతోపాటు వ్యాపారమూ లేచి వచ్చింది. "ఏం లేదమ్మ" అన్నాడు భాగ్యలక్ష్మితో, లేచి పంచె దులుపుకుంటూ. "మగపెళ్లోళ్లు వస్తున్నరు గద. గడప కాడ దిష్టి తియ్యనీకి ఎర్రనీళ్లు కలుపుతున్నరు మావోళ్లు."

భాగ్యలక్ష్మి చీర కుచ్చిళ్లు పైకి ఎత్తి పట్టుకుని, ఆ ధారను, గడపను, ఆయన ముఖాన్ని వరసగా చూసింది. "ఎర్రనీళ్లు పళ్లెంల కలుపుతరు, సావుకారి. మీ మానుకోటల బాత్రూంల కలుపుతరా?"

అబద్ధం బాగానే ఉంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందనీ, ఆ నీళ్లతోనే కొత్తగా వచ్చినవాళ్లకు దిష్టి తీస్తారనీ ఎవరికి తెలియదు? ఇంకో రెండు మాటలు జోడిస్తే నిలబడేది కూడా. కానీ లీలావతికి అట్లా నిలబెట్టుకోవాలనిపించలేదు. భర్త త్రాసు దగ్గర ఏమైనా చెప్పుకోనీ, ఈ మేడ మీద తన మాటే ఉండాలి. ఆమె తలుపు బార్లా తెరిచింది.

"దిష్టి లేదు, ఏం లేదమ్మ. లోపలికి వచ్చి చూడుండ్రి. మా బోరు నీళ్లకు సబ్బు పేరుకపోయి అద్దమంత గిట్లైంది. మొన్నటి పెళ్లోళ్ల నలుగు పసుపు దాని మీద పడ్డది. నేను తెలివి చేసి సోడ పోసిన. పొర పోలే, ఎర్రబడ్డది. మీకు నచ్చకుంటె మధుకర్‌కు చెప్పుండ్రి, బస్సు వచ్చేలోపు వేరే విడిది చూస్తడు."

భాగ్యలక్ష్మి లోపలికి వచ్చింది. అద్దం మీద గోరు పెట్టి గీకింది. గోరులో చేరిన తెల్లటి జిడ్డును వేళ్ల మధ్య నలిపి చూసింది. లీలావతి చేతులు కట్టుకుని, పరీక్ష రాసిన పిల్లలా నిలబడింది.

"మా ఇంట్ల గూడ గిదే గతి" అంది చివరికి భాగ్యలక్ష్మి. "కొత్త ఇల్లు కట్టి, గిసొంటి అద్దాలే పెట్టిచ్చిన. రుద్ది రుద్ది నా రెక్కలు పోయినయి. మా కోడలు దీప ఏం చేసిందో ఎర్కనా? దానికి పరద కట్టింది. స్నానానికి అడ్డం అద్దం, అద్దానికి అడ్డం పరద."

చిలుకమ్మ ముందు నవ్వింది. లీలావతి నవ్వొచ్చునో లేదో తెలియక ఆగి, భాగ్యలక్ష్మి కూడా నవ్వుతోందని చూసి నవ్వింది. చుట్టరికం కలవడానికి పెళ్లే కావాలని లేదు, ఇద్దరికీ ఒకే శత్రువు ఉన్నా చాలు.

"అయితె వదినె" అంది భాగ్యలక్ష్మి కొంగు నడుముకు దోపుకుంటూ. ఎప్పుడు వదినె అయిందో లీలావతికి తెలియలేదు. "సోడ పడితె ఎర్రబడ్డదంటె, సున్నం చేసే పనే సోడ చేసిందన్నట్టు. మరి ఎర్రనీళ్లను మల్ల పచ్చగ చేసేదేంది?"

"నిమ్మరసం" అంది లీలావతి. చిన్నప్పుడు ఎవరి పెళ్లిలోనో దిష్టి పళ్లెంలో నిమ్మకాయ పిండితే నీళ్లు పసుపుపచ్చగా మారిపోయి, ముసలమ్మలు తిట్టిన తిట్లు ఆమెకు గుర్తొచ్చాయి.

భాగ్యలక్ష్మి అడిగితే, జగపతి మెట్ల మీద పడ్డ సంచీ తెచ్చి ఇచ్చి దుకాణంలోకి దిగిపోయాడు. పెళ్లికారు చక్రాల కింద పెట్టడానికి తెచ్చిన నిమ్మకాయలున్నాయి అందులో. ఒకటి కోసి అద్దానికి రుద్దింది. రుద్దిన మేర ఎరుపు పోయి పసుపు తిరిగొచ్చింది. అది వాళ్లు అనుకున్నదే. అనుకోనిది ఆ తరువాత జరిగింది. నిమ్మరసం కిందికి కారిన చోట సన్నగా బుడగలు లేచాయి. కాసేపాగి లీలావతి బొటనవేలితో ఒక్కసారి తుడిస్తే, ఇన్నాళ్లు కదలని తెల్లపొర మెత్తబడి వేలికి అంటుకుని వచ్చేసింది. వేలెడంత వెడల్పున అద్దం తేలింది. అందులోంచి అవతలి వైపున్న చిలుకమ్మ ముక్కు స్పష్టంగా కనిపించింది.

"సోడ గాదు వదినె" అంది లీలావతి. "మనం తప్పు దారిల పోయినం. దీనికి పులుపే కావాలె."

"కావాలె గని, ఈ గదికి సరిపోయేటన్ని నిమ్మకాయలు ఏడికెల్లి తెస్తం? నాయి కారు చక్రాలకే లెక్కకు తెచ్చిన."

లీలావతి మెట్ల దగ్గరికి నడిచింది. వంట మనుషులు షర్బతుకనీ, పాలు విరగ్గొట్టడానికనీ కొనుక్కుపోయే నిమ్మ ఉప్పు, చూడ్డానికి పంచదారలా ఉండేది, కింద దుకాణంలో ఉంటుంది. ఆమె కిందికి వంగి, అచ్చం జగపతి అరిచేలాగే, "ఏమండి, లోపల నిమ్మ ఉప్పు ఉన్నదా?" అని అరిచింది. ఆ ఇంట్లో ఆ కేక ఇటు నుంచి అటు వెళ్లడం అదే మొదలు. కాసేపటికి జగపతి నిమ్మ ఉప్పు సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు.

పని మొదలైంది. యాసిడ్ దెబ్బ తిన్న షాబాద్ బండ మీద ఒక్క చుక్క కూడా పడకుండా ప్లాస్టిక్ పట్టా పరిచారు. జాలీలో ఇరుక్కున్న పిండి తీశారు. సోడా పోయేదాకా అద్దాలను మంచినీళ్లతో కడిగి, వేడి నీళ్లలో నిమ్మ ఉప్పు కరిగించి, జగపతి పాత పంచెలు అందులో ముంచి అద్దాలకు అతికించారు. అదే నీళ్లు ఒక కవర్లో పోసి, షవర్ మూతి అందులో మునిగేలా రబ్బరుతో కట్టారు. ఇక నానాలి. నానేదాకా పెద్దగదిలో చాయ్ తాగుదామని కూర్చున్నారు.

అప్పుడు వచ్చాడు పోశాలు, చేతిలో కొలతల టేపుతో. మిర్చి వ్యాపారి. లోపలికి వస్తూనే గది ఈ మూల నుంచి ఆ మూలకు కళ్లతోనే బస్తాలు పేర్చుకున్నాడు. "సావుకారి రమ్మన్నడు. జర కొల్సుకొని పోతా, లీలమ్మ."

లీలావతి చాయ్ గ్లాసు కింద పెట్టింది. భర్త వంక చూసింది. ఆయన కిటికీ వంక చూశాడు.

"పెళ్లి గాకముందే పిలిచిండ్రా?" అంది. "నేనోడిపోతనని మీకు ముందే తెలుసా?"

లీలావతికి కళ్లనిండా నీళ్లొచ్చాయి. మేడ పోతుందని కాదు. పోటీ పెట్టినవాడు పందెం చూడకుండానే తీర్పు రాసేసుకున్నాడని. ముప్పై ఏళ్లు ఒకే కంచం కడిగిన ఇంట్లో తన మీద అంతపాటి నమ్మకం కూడా లేదా అని.

భాగ్యలక్ష్మి మధ్యలోకి వచ్చింది. పెళ్లిళ్లలో ఇంతకన్నా పెద్ద అలకలు చూసిన మనిషి ఆమె. "ఓ బిడ్డ, నీ పేరేంది? పోశాలా? గా టేపు జర పక్కకు పెట్టు. లోపల అద్దం మీద పంచె జారుతున్నది, పొయి పట్టుకో. సావుకారి, నువ్వు అవతలి పక్క పట్టుకో. మాటలు తర్వాత."

మగపెళ్లివారి పెద్దమ్మ చెబితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఇద్దరు మగవాళ్లు చెరో అద్దానికి పంచె అదిమి పట్టి నిలబడ్డారు. బయట ఆడవాళ్లు ముగ్గురూ చాయ్ పూర్తి చేశారు, ఏమీ తొందరపడకుండా.

పంచెలు తీశాక లీలావతి మెత్తటి స్పాంజి అందుకుంది. గీకలేదు, రుద్దలేదు, గుండ్రంగా తిప్పిందంతే. పొర పెరుగు మీగడలా ముడుచుకుని కిందికి జారింది. మొండిగా మిగిలిన చోట ఇంకొంచెం నిమ్మ ఉప్పు నీళ్లు పట్టించి ఆగింది. గిన్నెలు తోమే సబ్బుతో మిగిలిన జిడ్డు తీసి, నీళ్లు కొట్టి, పొడి బట్టతో తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ అద్దం అవతల నిలబడ్డ భర్త ముఖం ఆమెకు కనిపించింది. ముందు చెవి, తరువాత మీసం, తరువాత కళ్లు. ఆయన ఆమెనే చూస్తున్నాడు.

"తప్పైంది" అన్నాడు అద్దం వెనక నుంచి. పెద్దగా అనలేదు గాని వినిపించింది.

లీలావతి షవర్‌కు కట్టిన కవర్ విప్పి, పాత టూత్ బ్రష్షుతో కన్నాలు తోమి, కుళాయి తిప్పింది. నీళ్లు పక్కలకు పోలేదు. సన్నగా, ఒత్తుగా, నిట్టనిలువుగా కింద నిలబడ్డ పోశాలు నెత్తిన పడ్డాయి. పోశాలు కాసేపు కదల్లేదు. "మంచిగనే ఉన్నది, లీలమ్మ" అని ఒప్పుకుని, టేపు జేబులో వేసుకుని, తడి కాళ్లతో దిగి పోయాడు.

మధ్యాహ్నం బస్సు వచ్చింది. ఆ తరువాత ఆ మేడ మీద జరిగిన సందడి చెప్పాలంటే వేరే కథవుతుంది. జనగామ నుంచి ఎండలో వచ్చిన జనం షవర్ కిందికి వెళ్లినవాళ్లు వెళ్లినట్టే ఉండిపోయారు. భాగ్యలక్ష్మి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, చేతిలో పొడి బట్ట పట్టుకుని కూర్చుంది. స్నానం చేసినవాళ్లు అద్దం తుడిచి ఆ బట్ట ఆమె చేతికి ఇస్తేనే బయటికి దారి. పెళ్లికొడుకుకు కూడా మినహాయింపు ఇవ్వలేదు. సాయంత్రం ముహూర్తం దగ్గర పడుతుంటే మధుకర్ పరుగెత్తుకొచ్చి, "లీలక్క, బ్యాండోళ్లు కొట్టి కొట్టి పరేషాన్ అవుతున్నరు, మీ విడిది నుంచి ఒక్కరు దిగుతలేరేంది?" అని మొత్తుకున్నాడు. అది ఫిర్యాదో మెప్పో అతనికే తెలియలేదు.

మర్నాడు పొద్దున అప్పగింతలయ్యాక పెళ్లివారు బస్సెక్కారు. విడిది ఎట్లా ఉందని మధుకర్ అందరి ముందూ భాగ్యలక్ష్మిని అడిగాడు. ఆమె బాగా ఆలోచించింది. "చాయ్‌ల చక్కెర తక్కువైంది" అంది. లీలావతి ముఖం వాడిపోవడం చూసి దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పింది. "వదినె, మగపెళ్లోళ్లమయినంక ఒక్క వంకన్న పెట్టకుంటె మా పరువేంగావాలె? చాయ్ మంచిగనే ఉన్నది. నాకింత నిమ్మ ఉప్పు కట్టియ్యి, పొయి దీప కట్టిన పరద పీకేస్త." తరువాత మధుకర్ వైపు తిరిగి, మా ఆడబిడ్డ కొడుకు పెళ్లి కూడా ఇక్కడే, విడిది గిదే, వేరేది చూపిస్తే ఒప్పుకునేది లేదని గట్టిగా చెప్పి బస్సెక్కింది.

బస్సు వెళ్లిన కాసేపటికే పోశాలు దుకాణం ముందు నిలబడ్డాడు. నిన్నటి షవర్‌ను ఒప్పుకున్నాడు గాని, వ్యాపారి వ్యాపారే. "సావుకారి, మిర్చి బండి మార్కెట్ల నిలబడ్డది. మేడ సంగతి ఏమంటరు?"

లీలావతి తెర వెనక చాయ్ వడగడుతోంది. వడగట్టే చెయ్యి ఆగిపోయింది.

జగపతి త్రాసులో కందిపప్పు వేస్తూ తలెత్తలేదు. "నన్నడుగుతవేంది, పోశాలు? మేడ ఆమెది. ఆమెనడుగు."

అని ఊరుకోలేదు. లేచి, చేతులు దులుపుకుని, తెరను ఒక పక్కకు లాగి పట్టుకున్నాడు. పోశాలు ఆ దారిలోంచి లోపలికి చూస్తూ, కొత్తగా పరిచయమైన మనిషితో మాట్లాడినట్టు, "అమ్మ, మేడ ఇస్తవా?" అని అడిగాడు.

ఇన్నేళ్లలో ఆ దుకాణానికి వచ్చిన మనిషి ఎవరూ ఆమెను ఏదీ అడగలేదు. ఎన్నో చెప్పాలనుకుంది లీలావతి. పరదాల గురించి, పరుపుల గురించి, వచ్చే నెలలో ఉన్న పెళ్లిళ్ల గురించి. "ఖాళీ లేదు, పోశాలు" అంది. అంతే అనగలిగింది.

చాయ్ అక్కడే పెట్టి మేడెక్కింది. చిలుకమ్మ దుప్పట్లు పిండుతోంది. లీలావతి తువ్వాలు తీసుకుని గాజు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆ షవర్ పెట్టించింది ఆమె, కడిగింది ఆమె, దాని కింద ఎందరు స్నానం చేశారో చూసింది కూడా ఆమే. కానీ తాను ఒక్కనాడైనా దాని కింద నిలబడలేదు, కింది ఇంట్లో బకీటు, చెంబే ఆమె స్నానం. ఈ రోజు కుళాయి పూర్తిగా తిప్పి, కళ్లు మూసుకుని నిలబడింది. నీళ్లు నెత్తిన, భుజాల మీద, వీపు మీద సమంగా పడ్డాయి. ఎంతసేపటికీ ఆమె బయటికి రాలేదు.

కింద గోడలోని పైపులో నీళ్ల చప్పుడు జగపతికి వినిపిస్తూనే ఉంది. గిరాకీని ఒక్క నిమిషం ఆగమని చెప్పి, మీద ట్యాంకులో నీళ్లు అయిపోకుండా తానే లేచి వెళ్లి మోటారు వేశాడు.